.308తో జింక వేట: కొట్లో ఏ పెట్టె తీసుకోవాలి?

ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాను. కిందటేడు స్నేహితులతో కలిసి మొదటిసారి వైట్‌టెయిల్ జింక వేటకు వెళ్లాను. నాది .308 విన్‌చెస్టర్ బోల్ట్ యాక్షన్ రైఫిల్, 22 అంగుళాల బ్యారెల్. రేంజిలో కాల్చగా మిగిలిన 147 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) ఎఫ్‌ఎమ్‌జె తూటాలే పట్టుకెళ్లాను. జింకకు దెబ్బ తగిలింది. అయినా పరుగు తీసింది, నాలుగైదు నెత్తుటి చుక్కలు తప్ప జాడ దొరకలేదు. ఈసారి సరైన బుల్లెట్ కొందామని కొట్టుకు వెళ్తే 150 సాఫ్ట్ పాయింట్, 165 బాండెడ్, 168 మ్యాచ్, 180 బాండెడ్, 150 పూర్తి రాగి అని అయిదు రకాలు చూపించారు. మేము కాల్చేది 60 నుంచి 180 గజాల లోపు. మాంసం ఇంట్లో చిన్నపిల్లలు కూడా తింటారు. ఏది కొనమంటారు? బరువు ఎక్కువైతే మంచిదేనా? .243, .30-30 రైఫిళ్లు ఉన్న స్నేహితులు కూడా అడగమన్నారు.

జవాబు: ముందు కొనాల్సింది చెప్పేస్తాం. పిల్లలు తింటారన్నారు కాబట్టి మీకు 150 గ్రెయిన్ల పూర్తి రాగి బుల్లెట్. అది మీ రైఫిల్లో సరిగా గుంపు కట్టకపోతే, అంటే గుళ్లు దగ్గర దగ్గరగా పడకపోతే, 150 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్; కాకపోతే అందులో సీసం ఉంటుంది, ఆ మాంసం చిన్నపిల్లలకు పెట్టొద్దు. పిల్లల సంగతి లేకుంటే సాఫ్ట్ పాయింటే చాలు, ఇంకో ఆలోచన అక్కర్లేదని రాసేవాళ్లం. (ఇండియాలో చదివేవాళ్లకు ఒక మాట: అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింక వేట నేరం. ఇదంతా అమెరికాలో లైసెన్సు తీసుకుని సీజన్లో చేసే వేటకు సంబంధించింది.)

కిందటేడు జరిగింది చూద్దాం. ఎఫ్‌ఎమ్‌జె అంటే సీసం గుండుకు కొన దాకా గట్టి లోహపు తొడుగు. యుద్ధంలో విచ్చుకునే బుల్లెట్లు వాడకూడదని 1899 హేగ్ ప్రకటన చెప్పింది. సైన్యాలు ఈ రకం వాడటానికి అదో కారణం, రేంజిలో చవకగా దొరికేదీ ఇదే. జింక ఛాతీలోంచి ఇది దబ్బనం గోనెలో దిగినట్టు పోతుంది. సన్నటి రంధ్రం పడుతుంది, ఆ వెంటనే చర్మం, కొవ్వు దాన్ని కప్పేస్తాయి. ఊపిరితిత్తులు పాడవుతాయి కానీ మెల్లగా పాడవుతాయి. నెత్తురు లోపలే నిండుతుంది, నేల మీద పడదు. అందుకే మీకు నాలుగు చుక్కలే కనబడ్డాయి. చాలా రాష్ట్రాల్లో జింకకు ఎఫ్‌ఎమ్‌జె వాడటం చట్టవిరుద్ధం కూడా. మిగిలిన తూటాలు రేంజికే ఉంచండి, వేట సంచిలోకి ఒక్కటి కూడా రానివ్వకండి.

వేట బుల్లెట్ చేయాల్సిన పనులు రెండు. చర్మం దాటాక మొదటి అంగుళం, రెండంగుళాల లోపలే విచ్చుకోవడం మొదలవ్వాలి. అలా విచ్చుకుని కూడా అవతలి పక్కటెముకలు దాటి బయటికి పోవాలి. .308 బుల్లెట్ బాగా విచ్చుకుంటే అర అంగుళం పైచిలుకు వెడల్పవుతుంది, అదే గుండె, ఊపిరితిత్తుల్లో వెడల్పాటి గాయం చేస్తుంది. బయటికి పోయిన రంధ్రం జాడ కోసం కావాలి. మంచె మీద నుంచి కిందికి కాల్చేటప్పుడు ఈ అవసరం ఇంకా ఎక్కువ. బుల్లెట్ దిగిన రంధ్రం పైన ఉంటుంది కాబట్టి అందులోంచి నెత్తురు కారాలంటే ఛాతీ సగం నిండాలి. అవతల పక్క కింద రంధ్రం పడితే మొదటి అడుగు నుంచే జాడ మొదలవుతుంది.

ఈ రెండు పనులూ జరుగుతాయా లేదా అన్నది పెట్టె మీద జింక బొమ్మ ఉందా లేదా అన్నదాన్ని బట్టి కాదు, బుల్లెట్ జింకకు తగిలేటప్పుడు ఎంత వేగంతో ఉంటుందన్నదాన్ని బట్టి తేలుతుంది. ప్రతి బుల్లెట్టూ ఒక వేగం నుంచి ఒక వేగం దాకా పనిచేసేలా తయారవుతుంది. అంతకన్నా నెమ్మదిగా తగిలితే విచ్చుకోదు, ఎఫ్‌ఎమ్‌జె లాగే పోతుంది. అంతకన్నా వేగంగా తగిలితే పైపైనే ముక్కలైపోతుంది. మామూలు సాఫ్ట్ పాయింట్లకు కింది హద్దు సుమారు సెకనుకు 1,800 అడుగులు. పూర్తి రాగి బుల్లెట్లకు 2,000 అని పెట్టుకుంటే భద్రం. ఒక్కో తయారీదారు ఇంతకన్నా తక్కువకే హామీ ఇస్తాడు, అయినా మేము 2,000నే లెక్కలోకి తీసుకుంటాం.

మీ లెక్క ఇదీ. .308లో 150 గ్రెయిన్ల మామూలు సాఫ్ట్ పాయింట్ బ్యారెల్ నుంచి సెకనుకు 2,820 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. 100 గజాల దగ్గర సుమారు 2,530, 200 దగ్గర 2,260, 300 దగ్గర 2,000. ఇవి 24 అంగుళాల బ్యారెల్‌తో కొలిచినవి. బ్యారెల్ ఒక్కో అంగుళం తగ్గినకొద్దీ సుమారు 20, 25 అడుగులు తగ్గుతుంది కాబట్టి మీ 22 అంగుళాల దానిలో 50 తీసేయండి. 180 గజాల దగ్గర ఎంత లేదన్నా 2,250 దాకా మిగులుతుంది. రాగికైనా, సాఫ్ట్ పాయింట్‌కైనా సరిపోను పైన ఉన్నట్టే. 16 అంగుళాల పొట్టి బ్యారెల్ ఉన్నవాళ్లు మాత్రం రాగి కొనేముందు ఇదే లెక్క ఒకసారి వేసుకోవాలి.

జింకకు కనీసం 1,000 ఫుట్ పౌండ్ల శక్తి ఉండాలని మీరు విని ఉంటారు. తుపాకీ మరీ చిన్నది కాకుండా చూసుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది, అంతే. కిందటేడు మీ ఎఫ్‌ఎమ్‌జె కూడా అంతకు రెట్టింపు శక్తితోనే తగిలి ఉంటుంది.

ఇక మీరు చూసిన పెట్టెలు. 150 సాఫ్ట్ పాయింట్ అంటే సీసం గుండు, రాగి తొడుగు, కొన దగ్గర కొంచెం సీసం బయటికి కనబడుతుంది. తొడుగు ముందుభాగం పల్చగా, వెనకభాగం మందంగా ఉంటుంది. రెమింగ్టన్ కోర్-లాక్ట్, ఫెడరల్ పవర్-షాక్, విన్‌చెస్టర్ పవర్-పాయింట్, హోర్నడీ ఇంటర్‌లాక్ అన్నీ ఈ కోవవే. కోర్-లాక్ట్ 1939 నుంచి వస్తోంది. పాతది కదా అని తీసిపారేయనక్కర్లేదు, 200 గజాల లోపు వైట్‌టెయిల్‌కు ఇంతకన్నా మెరుగైనది వెతకడం ఎక్కువగా కాలక్షేపమే.

168 మ్యాచ్ (గురి పోటీలకు చేసిన రకం) పెట్టె మీద బీటీహెచ్‌పీ (బోట్ టెయిల్ హాలో పాయింట్) అని ఉండి ఉంటుంది. దాని కొనలో చిన్న చిల్లు చూసి చాలామంది అది వేటకు చేసిన హాలో పాయింట్ అనుకుంటారు. కాదు. తొడుగును వెనక నుంచి ముందుకు సాగదీసి మూసేటప్పుడు మిగిలిపోయిన కంత అది, విచ్చుకోవడానికి పెట్టింది కాదు. తీరా జింకకు తగిలాక ఒకసారి ముక్కలవుతుంది, ఇంకోసారి విచ్చుకోకుండానే దూసుకుపోతుంది. ఎప్పుడు ఏం చేస్తుందో చెప్పలేం. మ్యాచ్‌కింగ్ బుల్లెట్లు తయారుచేసే సియెర్రా కంపెనీ కూడా వాటిని సాధారణంగా వేటకు సిఫారసు చేయదు. కాగితం మీద అంగుళంలో మూడు రంధ్రాలు పడుతున్నాయని ఆశపడొద్దు. తెలియక కొనే తప్పుల్లో ఎఫ్‌ఎమ్‌జె తర్వాత ఇదే ఎక్కువ. అలాగే వి-మ్యాక్స్ లాంటి చిన్న జంతువుల బుల్లెట్లు: అవి తగిలిన చోటే పగిలిపోవాలని చేసినవి, జింక జబ్బ ఎముక మీద తగిలితే పైన పెద్ద పుండు చేసి ఆగిపోతాయి.

165 బాండెడ్‌లో సీసం తొడుగుకు అతికి ఉంటుంది, విచ్చుకున్నాక విడిపోదు, బరువు పెద్దగా పోదు. ఫెడరల్ ఫ్యూజన్, నోస్లర్ అక్యూబాండ్ ఈ రకం. ఎముక తగిలినా లోపలికి పోతుంది. మీ దూరాలకు ఇది కూడా బాగా పనిచేస్తుంది. ఫ్యూజన్‌ను జింకను దృష్టిలో పెట్టుకునే చేశారు కాబట్టి బాండెడ్ కావాలంటే దాని వైపు మొగ్గండి.

180 బాండెడ్ వద్దు. బరువు ఎక్కువైతే మంచిదేనా అన్న మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. .308 విన్‌చెస్టర్, .30-06, .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ మూడింటికీ బుల్లెట్ వ్యాసం ఒకటే, 0.308 అంగుళం. అంటే మాగ్నమ్ వేగానికి, ఎల్క్ లాంటి పెద్ద జంతువు ఎముకకు తట్టుకునేలా చేసిన 180 గ్రెయిన్ల గట్టి బుల్లెట్టే మీ తూటాలోనూ కూర్చోవచ్చు. మీ తూటాలో అది సెకనుకు 2,600 అడుగులతో బయల్దేరుతుంది, మాగ్నమ్‌లోనైతే 2,950 దాకా. ఆ పైన వైట్‌టెయిల్ ఛాతీ అడ్డంగా ఒక అడుగో, అంతకు కాస్త ఎక్కువో. అంత గట్టి బుల్లెట్ పూర్తిగా విచ్చుకునేలోపు అవతల ఉంటుంది. జింక చస్తుంది, కానీ వంద గజాలు పోయాక. బరువు పెంచితే భుజం మీద తన్ను కూడా పెరుగుతుంది. తన్నుకు జడిసి ట్రిగ్గర్ లాగేవాడి గురి ఏ బుల్లెట్టూ సరిదిద్దలేదు.

రాగి గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఇందులో సీసం ఉండదు. బుల్లెట్ మొత్తం రాగో, రాగి మిశ్రమమో, కొనలో ఒక గొయ్యి, చాలా రకాల్లో గొయ్యి మీద ప్లాస్టిక్ మొన. తగిలినప్పుడు కొన నాలుగు రేకులుగా వెనక్కి విచ్చుకుంటుంది, బరువు దాదాపు అంతా మిగులుతుంది. బార్న్స్ టీటీఎస్‌ఎక్స్, హోర్నడీ సీఎక్స్ ఈ రకం. రాగి సీసం కన్నా తేలిక కాబట్టి అంతే బరువుకు బుల్లెట్ పొడవవుతుంది. పొడవు బుల్లెట్‌కు బ్యారెల్ లోపలి మెలిక కూడా వేగంగా ఉండాలి. .308లో మామూలుగా ఉండే 10 అంగుళాలకు ఒక చుట్టు, 12 అంగుళాలకు ఒక చుట్టు రెండింటికీ 150 గ్రెయిన్ల రాగి సరిపోతుంది. అందుకే సీసంలో 165 వాడేవాళ్లు రాగికి మారేటప్పుడు ఒక మెట్టు తగ్గి 150 తీసుకోవాలి. 130 దొరికితే అదీ బాగుంటుంది: వేగం ఎక్కువ, తన్ను తక్కువ. రాగి తక్కువ వేగంలో మొండికేస్తుంది, కాబట్టి బరువు కన్నా వేగమే దానికి మేలు.

పెట్టె కొన్నాక మీ రైఫిల్‌కు అది నచ్చుతుందో లేదో చూడాలి. ఒకే కంపెనీ 150 సాఫ్ట్ పాయింట్ ఒక రైఫిల్లో అంగుళం గుంపు కడితే, పక్కవాడి రైఫిల్లో మూడంగుళాలు కట్టవచ్చు. ముందు ఒక్క పెట్టె, అంటే 20 తూటాలు కొని చూడండి. సీసం బుల్లెట్లు కాల్చిన బ్యారెల్లో రాగివి కాల్చేముందు రాగి మకిలి తీసే ద్రావకంతో పూర్తిగా శుభ్రం చేయండి. లేకపోతే మొదటి గుంపులు చెదిరిపోతాయి, మీరేమో బుల్లెట్ మంచిది కాదని తిప్పి పంపుతారు. శుభ్రం చేశాక మొదటి రెండు మూడు గుళ్లు లెక్కలోకి తీసుకోకండి. తర్వాత బల్ల మీద ఇసుక సంచులకు ఆనించి 100 గజాలకు మూడేసి చొప్పున కాల్చండి, గుంపుకూ గుంపుకూ మధ్య బ్యారెల్ చల్లారనివ్వండి. రెండంగుళాల లోపు గుంపు పడితే జింకకు చాలు. అంగుళం లోపు తేవాలని పెట్టెల మీద పెట్టెలు మార్చడం అనవసరం. నచ్చిన రకం తేలాక అదే లాట్ నంబరు ఉన్న పెట్టెలు మరో రెండు తెచ్చుకోండి. నంబరు పెట్టె మూత లోపలి మడత మీదో, పక్కనో చిన్నగా అచ్చువేసి ఉంటుంది. లాట్ మారితే తగిలే చోటు అంగుళం జరగడం మామూలే.

స్కోపును 100 గజాల దగ్గర గురికి ఒకటిన్నర అంగుళం పైన తగిలేలా జీరో చేయండి. క్లిక్కుకు పావు ఎమ్‌ఓఏ (ఒక ఎమ్‌ఓఏ అంటే 100 గజాల దగ్గర సుమారు అంగుళం) ఉన్న స్కోపులో అది ఆరు క్లిక్కులు. అప్పుడు 150 గ్రెయిన్ల బుల్లెట్ 180 గజాల దగ్గర దాదాపు గురి మీదే పడుతుంది, మధ్యలో ఎక్కడా రెండంగుళాలకు మించి పైకి లేవదు. మీ దూరాలన్నిటికీ ఎటూ లెక్క కట్టకుండా నేరుగా గురి పెట్టొచ్చు. తర్వాత బల్ల వదిలేసి, వేటలో ఎలా కూర్చుంటారో అలాగే కూర్చుని, ఊతకర్ర మీద ఆనించి ఎనిమిదంగుళాల కాగితం పళ్లెం మీద కాల్చండి. అయిదుకు అయిదూ పళ్లెంలో పడే దూరమే మీ హద్దు. అది 120 గజాలు అయితే 180 గజాల జింకను పోనివ్వాలి.

ఎంత మంచి బుల్లెట్టయినా తగలాల్సిన చోటే తగలాలి. జింక అడ్డంగా నిలబడ్డప్పుడు ముందుకాలి వెనక అంచు వెంట పైకి వెళ్లి, ఛాతీ ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర ఆగండి. గుండె, ఊపిరితిత్తులు కలిపి ఎనిమిది నుంచి పదంగుళాల చోటు అది. రాగి వాడేటప్పుడు అంగుళం ముందుకు, అంటే జబ్బ వైపు జరిగినా పర్వాలేదు: ఎముక తగిలితే అది ఇంకా బాగా విచ్చుకుంటుంది, జింక అక్కడే పడుతుంది, కాకపోతే ముందు జబ్బ మాంసం కొంత పోతుంది. పల్చటి తొడుగు ఉన్న బుల్లెట్‌తో ఆ పని చేయొద్దు, పక్కటెముకల మీదే ఉండండి. జింక మీకు దూరంగా ఏటవాలుగా తిరిగి ఉంటే అవతలి జబ్బను గురిచూసి లెక్క వేయండి. ఎదురుగా, వెనక నుంచి, తలకు కాల్చొద్దు. జింక వెనక మట్టిగట్టు ఉందో లేదో చూడండి, ఎందుకంటే మనం కోరుకునేదే బుల్లెట్ అవతలికి పోవాలని. వెనక ఇంకో జింక నిలబడితే ఆగాలి.

ఊపిరితిత్తులకు సరిగా తగిలినా జింక యాభై, వంద గజాలు పరుగెత్తవచ్చు. అరగంట ఆగి, అది నిలబడ్డ చోటికి వెళ్లి చూడండి. నురగతో గులాబి రంగు నెత్తురు ఉంటే ఊపిరితిత్తులు, ముదురు ఎరుపు ఉంటే కాలేయం. పచ్చటి మరక, వాసన ఉంటే పొట్ట. పొట్టయితే వెనక్కి వచ్చేసి కొన్ని గంటలు ఆగండి, వెంటపడి తరిమితే దొరకదు.

వెంట తీసుకెళ్లే తూటాల విషయంలో ఒకటి. ప్రతి రోజూ పొద్దున అదే తూటాను చాంబర్లోకి ఎక్కించి, సాయంత్రం తీసేస్తూ ఉంటే దెబ్బలకు బుల్లెట్ కేసులోకి, అంటే తూటా ఇత్తడి గొట్టంలోకి, కొంచెం దిగవచ్చు. పీడనం పెరుగుతుంది, గురి మారుతుంది. రోజూ వేరే తూటాను ముందు పెట్టండి. కొత్త తూటా పక్కన నిలబెట్టి చూస్తే పొట్టిదయిందో లేదో కంటికే తెలుస్తుంది. పొట్టిదయితే దాన్ని కాల్చొద్దు.

.243 ఉన్న స్నేహితుడికి 95 నుంచి 100 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్, లేదా 80, 85 గ్రెయిన్ల రాగి. ఆ తుపాకీకి 55, 58 గ్రెయిన్ల చిన్న జంతువుల తూటాలు కూడా పక్కనే అమ్ముతారు, బరువు చదవకుండా కొంటే గాయపడ్డ జింక తప్ప ఏమీ మిగలదు. .30-30 స్నేహితుడు 150 లేదా 170 గ్రెయిన్ల చదును మొన తూటా కొంటే చాలు, 150 గజాల లోపు ఆపాలి. లీవర్ రైఫిల్ గొట్టం మ్యాగజీన్లో తూటాలు ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. వెనకదాని గట్టి మొన ముందుదాని ప్రైమర్‌కు (తూటా అడుగున మందును అంటించే భాగం) తగిలి లోపలే పేలవచ్చు, అందుకే సూదిమొన అందులో పనికిరాదు. హోర్నడీ లెవర్‌ఎవల్యూషన్ మొన మెత్తటిది కాబట్టి అది మినహాయింపు.

ఇక పిల్లలు, మాంసం. సీసం బుల్లెట్ విచ్చుకునేటప్పుడు కంటికి కనబడనంత సన్నటి రవ్వలు రాలుతాయి, గాయానికి అడుగు దూరంలో కూడా అవి దొరుకుతాయి. నార్త్ డకోటాలో 2008లో దానంగా ఇచ్చిన జింక ఖీమాలో సీసం బయటపడ్డాక, గర్భిణులు, ఆరేళ్ల లోపు పిల్లలు సీసం బుల్లెట్‌తో కొట్టిన జింక మాంసం తినొద్దని ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖ సలహా ఇచ్చింది. మీకు రాగి చెప్పింది అందుకే. తప్పక సీసం వాడాల్సి వస్తే గాయం చుట్టూ నెత్తురు గడ్డకట్టిన మాంసం మొత్తం ధారాళంగా కోసి పారేయండి, కడగొద్దు, నీళ్లతో రవ్వలు శుభ్రమైన మాంసం మీదికి పాకుతాయి. ఖీమా బయట చేయిస్తే ఇతరుల జింక మీ దానిలో కలవకుండా విడిగా చేయమని చెప్పండి, లేదంటే రాగి వాడినా ఫలితం ఉండదు.

రాష్ట్రాన్ని బట్టి నిబంధనలు మారతాయి, సీజన్ పుస్తకం చూసే కొనండి. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకు సీసం బుల్లెట్లే నిషిద్ధం. కొలరాడోలో జింకకు కనీసం .24 క్యాలిబర్ (0.24 అంగుళం వ్యాసం), 70 గ్రెయిన్ల విచ్చుకునే బుల్లెట్ ఉండాలి. ఒహాయోలో మీ .308 జింక మీద అసలు చెల్లదు, అక్కడ రైఫిల్లోనైతే నిటారు గోడల కేసు (.308 లాగా పైన సన్నబడని గొట్టం) ఉన్న తూటాలే.

మీరు ఏ హోదాలో ఉన్నారో రాయలేదు. గ్రీన్ కార్డు ఉంటే కింది మాట వదిలేయండి. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసా మీద ఉంటే ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ మాత్రమే కాదు, తూటాలు దగ్గర ఉంచుకోవడం కూడా నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు దానికి ఒక మినహాయింపు. సీజన్ అయిపోయి లైసెన్సు గడువు తీరితే అల్మారాలో ఉన్న సగం పెట్టె తూటాలు కూడా చిక్కే. గడువు తేదీకి ముందే కొత్త లైసెన్సు తీసుకోండి, సందేహం ఉంటే కొనకముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడగండి.